వీసాకు తెలియని ఆషాఢం

ఆషాఢం వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నడవడమే కష్టం. చీరల దుకాణాల వాళ్ళు డిస్కౌంట్ బోర్డులను మెట్రో పిల్లర్ల దాకా తెచ్చి కడతారు. ఆడవాళ్ళు సంచులు మోసుకుంటూ అడ్డం పడి నడుస్తుంటారు. నాది కర్మన్‌ఘాట్‌లో ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టే పని కాబట్టి, ఆ చీరలన్నీ చివరికి నా బల్ల మీదికే వస్తాయి. అందుకే ఆ నెలంటే నాకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు క్యాలెండర్‌లో ఆషాఢం అన్న మాట కనబడితే పేజీ తిప్పేస్తాను.

మాది నల్లగొండ పక్క పల్లె. మా అన్న ముందు వచ్చి ఎల్బీనగర్‌లో కోర్టు వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. మా ఆయన పోయాక నేనూ అన్న వెనకే వచ్చి కర్మన్‌ఘాట్‌లో కిరాయికి దిగాను. నాకు పిల్లలు లేరు. అన్నకు ఒక్కడే కొడుకు. ఆ మేనల్లుడు సగం నా చేతి అన్నం తినే పెరిగాడు. దుబాయిలో ఒక హోటల్లో ఏసీల పని చేస్తున్నప్పుడు, అదే హోటల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ పిల్లను ఇష్టపడ్డాడు. అన్నకు గుండె ఆపరేషన్ అయిందని తెలిసి వాడు ఉద్యోగం వదిలేసి వచ్చేశాడు. వాడి వెనకే ఆ పిల్లా వచ్చింది. రిజిస్టర్ పెళ్ళి అయింది. మా వదిన పట్టుబట్టి ఇంట్లో పసుపుతాడు కూడా కట్టించింది.

చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. నాకు నోరెక్కువని అందరికీ తెలుసు గనుక నా ముందు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పిల్ల అన్నం తింటుంది, చేపల పులుసు మనకంటే ఇష్టంగా తింటుంది, పెద్దవాళ్ళు కనబడితే చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంటుంది. ఇంకేం కావాలి మీ మొహాలకు అని నేనే అడిగేదాన్ని. వచ్చిన కొద్ది నెలల్లోనే తెలుగు పట్టేసింది. మా మేనల్లుడి దగ్గర నేర్చుకున్నది కాబట్టి అచ్చం వాడిలాగే మాట్లాడుతుంది.

ఆ పిల్ల ఈ దేశంలో ఉండాలంటే, మొగుడు ఇక్కడివాడని చూసి ఇచ్చే వీసా ఉండాలి. గడువు తీరేలోపు దాన్ని పొడిగించుకోవాలి. పొడిగించకపోతే పిల్ల మూట సర్దుకుని దేశం దాటాలి. వాడు వెంట పోలేడు. మంచం మీద తండ్రి, కొత్తగా పెట్టిన ఏసీ రిపేర్ దుకాణం, వీటిని ఎవరికి అప్పజెప్పి పోతాడు? అంటే అది ఉత్త కాగితం కాదు, వాళ్ళ కాపురమే.

అందుకే ఎండాకాలం చివర్లో ఇద్దరూ కాగితాల వెంట పడ్డారు. పెళ్ళి సర్టిఫికెట్, ఇంటి కరెంటు బిల్లు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలు, నా భార్య బాధ్యతంతా నాదేనని మొగుడు రాసిచ్చే బాండు. కోర్టు దగ్గర స్టాంపు పేపర్లు అమ్మే చెట్ల కింద నిలబడి టైపు చేయించుకుని, దారిలో నా దగ్గర చాయ్ తాగడానికి ఆగారు. వాడు ఒక కాగితం చదివి నాకు అర్థం చెప్పాడు. పైన రాసిన ఇంట్లో మేమిద్దరం ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాం అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఇందులో రాయడానికేముందిరా, మొగుడూ పెళ్ళాం ఒకే కప్పు కింద ఉండక మరెక్కడ ఉంటారు అని నవ్వాను. అలా నవ్విన నా నోరు పడిపోను.

కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. పోలీసుల తరఫున ఎవరైనా ఇంటికొచ్చి చూసిపోతారు, ఎప్పుడొస్తారో చెప్పరు, అన్నారు. ఇంతలో ఆషాఢం వచ్చింది.

కొత్త కోడలు మొదటి ఆషాఢం అత్తగారింట్లో ఉండకూడదు. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మా ఇళ్ళల్లో ఇది అడిగే మాట కాదు, అందరూ చేసే పనే. మేనల్లుడు గొణిగాడు, వెరిఫికేషన్ వాళ్ళు వస్తారేమోనని. వదిన వినలేదు. అన్న గుండెలో స్టెంటు వేసిన దగ్గరనుంచి ఆమెకు పిల్లి ఎదురొచ్చినా భయమే. అడ్డమైన వాళ్ళూ అన్న మాటలు కూడా ఆమె కడుపులో ఉన్నాయి. నన్ను పిలిపించింది.

"దేశం మనది కాకున్నా పద్ధతి మనదుండాలె. దానికి ఈడ అమ్మగారిల్లు లేకుంటే ఏమాయె, నువ్వు లేవా?" అంది.

నేను ఒద్దనలేదు. ఎందుకు ఒద్దంటాను? పిల్లలు లేని ఆడదాన్ని పిలిచి ఒక నెల తల్లివి కమ్మంటే ఒద్దనేది ఎవరు? ఆ సాయంత్రమే వదిన పసుపుకుంకుమలు పెడితే ఆటోలో తోలుకొచ్చుకున్నాను. ఒక్క చీర కూడా అక్కడ ఉంచొద్దని, అలా ఉంచితే వెళ్ళినట్టు కాదని వదిన బీరువా మొత్తం ఖాళీ చేయించి పెట్టెలో సర్దింది.

ఆ రోజులు బాగా గడిచాయి, ఆ మాట దాచను. పిల్ల తల్లి దాని చిన్నప్పటినుంచి పరాయి దేశాల్లో ఎవరెవరి ఇళ్ళల్లోనో పనిచేస్తూ డబ్బు పంపేదట. తల్లి అంటే ఫోన్లో కనిపించే మనిషే. అమ్మగారిల్లు అంటే ఏం చేయాలి అని మొదటిరోజు నన్నడిగింది. ఏం చేయొద్దు, ఎండెక్కేదాకా పడుకోవాలి అన్నాను. నిజంగానే పడుకుంది. చింతచిగురు పప్పు వండితే పులుపు ఇంకా వెయ్యమనేది. గోరింటాకు రుబ్బి చేతులకు పెట్టాను, ఎర్రగా పండింది. నన్ను అమ్మా అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో గుర్తులేదు. ఖాళీగా కూర్చోలేక నా పక్కన స్టూలేసుకుని చీరలకు ఫాల్ కుట్టేది. నాకన్నా సన్నని కుట్టు.

మేనల్లుడు సాయంత్రాలు వచ్చి గేటు బయటే నిలబడేవాడు. ఇప్పుడు నేను వాడికి మేనత్తను మాత్రమే కాదు, పెళ్ళాం తల్లిని కూడా. గడప తొక్కడానికి లేదు. మిర్చి బజ్జీల పొట్లం గేటు మీదినుంచి అందిస్తే వాళ్ళిద్దరూ చెరో పక్కన నిలబడి తినేవాళ్ళు. చూసి నేను పడి పడి నవ్వేదాన్ని.

మా వాడలో బోనాలు తీసిన రోజు మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. గొంతు కులాసాగానే ఉంది. ఎవరో సారు వచ్చి వీసా గురించి అడిగి పోయిండు, మంచి మనిషి, చాయ్ కూడా తాగిండు అని చెప్పింది. నాకు డప్పుల మోతలో సగం వినపడలేదు. లోపలికి వచ్చి తలుపేసుకుని, ఏమడిగాడు, నువ్వేం చెప్పావు అని గుచ్చి గుచ్చి అడిగాను.

మఫ్టీలో వచ్చాడట. కోడలేదమ్మా అంటే, ఆషాఢం కదా సారూ, ఈడ ఉంటలేదు, మా ఆడబిడ్డ ఇంట్ల ఉంది అని మా వదిన గర్వంగా చెప్పింది. విదేశీ పిల్లయినా మన పద్ధతి ఎంత బాగా పాటిస్తుందో చూడండి అన్నట్టు. ఆ గది చూడొచ్చా అన్నాడు. బీరువా తెరిచి చూపించింది, ఖాళీ హ్యాంగర్లు. స్నానాల గదిలో ఒకటే బ్రష్. ఆయన ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాడు. కింద కిరాయికుండే గుంటూరు ఆవిడను అడిగితే, ఆవిడ ఆ అమ్మాయి కనబడి చాలా రోజులైందండీ, గొడవలేమీ వినపడలేదు మరి, అని ఊరుకుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. మా ఇంట్లో గుట్టే లేదు, ఉన్న నిజమే చెప్పారు అందరూ, చేటు మాత్రం వచ్చింది.

వదినకు ఇంకా అర్థం కాలేదు. నాకు మాత్రం, ఒకే కప్పు కింద అని వాడు చదివిన ముక్క గుర్తొచ్చింది. పిల్ల నా మొహం చూసి ఫాల్ కుట్టే సూదిని అలాగే పట్టుకుని ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన నా ఇంటికే వచ్చాడు. నడివయసు మనిషి, మర్యాదగానే ఉన్నాడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. అరిచే మనిషైతే నేనూ అరిచేదాన్ని, నాకు వచ్చిన విద్య అది. ఆయన మెల్లగా మాట్లాడుతుంటే నా గొంతు లేవలేదు. పిల్ల ఒళ్ళో ఎవరిదో పట్టుచీర, చేతిలో సూది. ఆయన దాన్ని చూశాడు, మిషన్‌ను చూశాడు, గోడకు తగిలించిన కొలతల బ్లౌజులను చూశాడు. ఈ అమ్మాయి ఇక్కడ పని చేస్తోందా అని అడిగాడు. ఈ వీసా మీద పని చేయకూడదట. లేదు సారూ, ఊరికే తోచక కుడుతుంది అన్నాను. నేను చెప్పింది నిజమే, అయినా నా చెవికే అబద్ధంలా వినపడింది.

సీ ఫారం ఇచ్చారా అని అడిగాడు తర్వాత. ఏ ఇంట్లో విదేశీ మనిషి రాత్రి పడుకున్నా ఆ ఇంటివాళ్ళు ఒక దినం లోపల పోలీసులకు తెలపాలట, ఆ కాగితం పేరు సీ ఫారం. హోటళ్ళు ఇస్తాయి, హాస్టళ్ళు ఇస్తాయి. నేను విననే లేదు.

"మా బిడ్డ మా ఇంట్ల ఉండనీకి ఫారం ఏంది సారూ?" అన్నాను.

"ఎట్ల బిడ్డ అయితదో అది గూడ రాసియ్యమ్మా," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. తెల్ల కాగితం, పెన్ను బల్ల మీద పెట్టాడు.

నేను ఆషాఢం గురించి మొదటినుంచీ చెప్పుకొచ్చాను. ఆయన ఆపకుండా విన్నాడు. చివరికి, "నాకు చెప్తున్నవా అమ్మా? నా బిడ్డను గూడ మొన్ననే తోలుకొచ్చుకున్నం. గని గీ రిపోర్టుల ఆషాఢం రాయనీకి జాగ లేదు. ఒక్కతాన ఉంటున్నరా, లేదా. గంతే," అన్నాడు.

నేను రాసిచ్చాను. పిల్ల ఏ రోజు వచ్చింది, ఎందుకు వచ్చింది, నాకు ఏమవుతుంది. కూతురి వరస అని రాయాలా, కోడలు అని రాయాలా తేలక, మా మేనల్లుడి భార్య అని రాశాను. బిడ్డ అని ఎక్కడా రాయలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి మా ఇంటి నంబరు ఫొటో తీసుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఫోన్లో మెసేజ్ వచ్చింది. భార్యాభర్తలు వేరుగా ఎందుకుంటున్నారు, చెప్పని చిరునామాలో ఎందుకున్నారు, కారణం రాసి ఇద్దరూ వీసా ఆఫీసుకు రావాలి. గడువు తీరే తేదీ దగ్గరకొచ్చేసింది. మేనల్లుడు నా గేటు బయట నిలబడి ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. వీసా ఆపితే దేశం విడిచిపొమ్మని కాగితం ఇస్తారు, మళ్ళీ అక్కడినుంచి అప్లై చేసుకోవాలి, ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో. వాడు ఎప్పుడూ తల్లి మీద కోపం చేయలేదు. ఆ రోజు మాత్రం ఇంటికి పోయి, నీ గడప సల్లగుండ, నా పెండ్లాం పోతున్నది అన్నాడట.

అప్పుడు మా వదిన చేసిన పని చెప్పాలి. కోడలు వెంటనే ఇంటికి రావాలి, లేకపోతే వీసా పోతుంది. కోడలు వస్తే, ఒకే గడపలో అత్తాకోడళ్ళు, అన్న గుండెకు ఏమవుతుందోనని భయం. ఆమె ఒక పూటంతా మూసిన తలుపు వెనక కూర్చుంది. సాయంత్రం తన చీరలు రెండు సంచిలో పెట్టుకుని, బీపీ గోళీలు పట్టుకుని, ఆటో ఎక్కి నా ఇంటికి వచ్చేసింది. కోడలు అటు, అత్త ఇటు. ఆషాఢానికి కోడలు పోవడం చూశాం గానీ అత్త పోవడం ఎక్కడా చూడలేదని వాడంతా నవ్వింది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని నేనూ ఎగతాళి చేయబోయాను గానీ, ఆమె ముఖం చూసి మానుకున్నాను. ఆ రాత్రి వదిన, అన్నాళ్ళూ పిల్ల పడుకున్న మంచం మీదే పడుకుంది. తెల్లవార్లూ అటూ ఇటూ పొర్లుతూనే ఉంది.

అంతకుముందు అత్తగారింటికి బయల్దేరేటప్పుడు పిల్ల నా ఇల్లంతా తిరిగి తనవన్నీ ఏరుకుంది. జడపిన్నులు, సబ్బు డబ్బా, గోడకు అంటించిన బొట్టుబిళ్ళలు కూడా గోరుతో గీకి తీసింది. అవెందుకే అంటే, సారు మళ్ళీ వస్తే చూస్తడు అంది. అప్పటికి నాకు పూర్తిగా తెలియలేదు, ఆ పిల్లకు ఏం పట్టుకుందో.

ఆఫీసుకు ఇద్దరూ పోయారు. నేనూ వదినా ఇక్కడ ఇంటి ముందు గదిలో కూర్చున్నాం. నేను ఒక బ్లౌజుకు చేతులు తిప్పి కుట్టి, విప్పి, మళ్ళీ తిప్పి కుట్టాను. వాళ్ళు తిరిగొచ్చి చెప్పిన దాన్నిబట్టి, వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అడిగారట. మంచానికి ఏ పక్క ఎవరు పడుకుంటారు, మామగారి గోళీలు ఎన్నిసార్లు, నిన్న ఏం వండారు. మేనల్లుడు తడబడ్డాడు. పిల్ల అన్నీ సరిగ్గా చెప్పింది. దాని చేతులకున్న గోరింటాకు చూసి, అక్కడి ఆఫీసరమ్మ ఇదెవరు పెట్టారు అని అడిగిందట. మా అమ్మ అందట పిల్ల. ఏ అమ్మ, ఎక్కడుంటుంది అని మళ్ళీ అడిగితే, ఏం చెప్పాలో తెలియక ఏడ్చేసింది. అప్పుడు ఆమె నీళ్ళు తాగించి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఇచ్చిన చిరునామాలో తప్ప వేరెక్కడా ఉండను, ఉంటే ముందే చెబుతాను, ఇంకోసారి ఇట్లా జరిగితే పొడిగింపు ఉండదు.

పొడిగింపు వచ్చింది. అడిగినంత ఇవ్వలేదు, తక్కువే ఇచ్చారు. ఈ మధ్యలో ఎప్పుడైనా చూడ్డానికి వస్తామన్నారు. అన్న ఇంట్లో స్వీట్లు పంచారు. ఆషాఢం వెళ్ళిన మర్నాడు వదిన హనుమంతుడి గుడికి పోయి ప్రదక్షిణలు చేసి, అటునుంచి అటే తన ఇంటికి పోయింది. గండం గడిచిందని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

శ్రావణం వచ్చాక ఫోన్ చేశాను. బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు తల్లి ఒడిబియ్యం పోయాలి. అప్పుడు హడావుడిలో పోయలేదు, ఇప్పుడు రమ్మన్నాను. మొగుడు పోయినదాన్ని పోయొచ్చా అనేవాళ్ళు అంటారు, తల్లికి ఆ పట్టింపేంటి అనుకున్నాను. బియ్యంలో పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు పెట్టి, దాని కొలతకు నేనే బ్లౌజు కుట్టి ఉంచాను. పీట వేసి, తూర్పుకు తిప్పి, ముందు గదిలో మిషన్ ఒక మూలకు జరిపాను. గేటు బార్లా తీసి పెట్టాను.

సాయంత్రం బండి మీద వచ్చారు. వాడు చెప్పులు విడిచి టకటకా లోపలికొచ్చేశాడు, ఇక వాడికి అడ్డేముంది. పిల్ల గేటు బయటే ఆగింది. ఒకప్పుడు వాడు నిలబడిన చోటే. రావే అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"అమ్మా, నేను లోపలికి రాను. వాళ్ళు అడుగుతరు. నాకు అబద్దం చెప్పరాదు," అంది.

రాత్రి పడుకుంటేనే ఫారం, పగలు వచ్చిపోతే ఎవరూ ఏమీ అనరు అని మేనల్లుడు ఎంతో చెప్పాడు. నేనూ చెప్పాను. వాడి మాటా నా మాటా తల ఊపుతూ విన్నది గానీ కాలు ఎత్తలేదు. వీధి చివరివైపు చూస్తూనే ఉంది. గడప దగ్గర మనిషిని నిలబెట్టి పోట్లాడటం నాకు చేతనైన పనే. ఆ ఒక్కరోజు చేతకాలేదు. లోపలినుంచి పీట తెచ్చి గేటు బయట వేశాను. పిల్లను దాని మీద నిలబెట్టి, కొంగు పట్టమని, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా ఒడిబియ్యం పోశాను. గోరింటాకు అప్పటికి గోళ్ళ చివర మాత్రమే మిగిలింది. కొంగు నడుముకు ముడి వేస్తుంటే కొన్ని గింజలు రోడ్డు మీద పడ్డాయి.

ఇంక పోతారనుకున్నాను. పిల్ల ఫోన్ తీసి మొగుడి చేతికిచ్చింది. ఒడి పట్టుకుని గేటు పక్కన, మా ఇంటి నంబరు కనబడేట్టు నిలబడింది. ఎందుకే ఇప్పుడు ఫొటో అన్నాను. రేపు ఎవరన్న అడిగితే చూపిస్తా, నేను లోపలికి పోలేదని, అంది. వాడు ఫోన్ ఎత్తి, మళ్ళీ దించేశాడు.

"గేటు తెరిచి ఉంటే ఎట్ల అమ్మా. వెయ్యి," అంది నాతో.

నేను లోపలికి వచ్చి గేటు వేసి, గొళ్ళెం పెట్టాను. అవతల వాడు ఫొటో తీసిన చప్పుడు వినబడింది.